బురద మీద రథం

మొన్న శ్రీరామనవమికి తాడేపల్లిగూడెంలో మా చెల్లెలింట్లో ఉన్నాను. పానకం రెండు గ్లాసులు పట్టించి, మూడోది కూడా ఇస్తారేమోనని వసారాలో కూర్చున్నాను. ఇంతలో చెల్లెలి పిల్లలు బిస్కెట్ల అట్టపెట్టెకి తాడు కట్టి, అందులో దేవుడి పటం పెట్టి, గచ్చు మీద ఈడ్చుకుంటూ వచ్చారు.

"రథం! తప్పుకో మావయ్యా, రథం!"

"ఇదీ ఒక రథమేనట్రా? మా చిన్నప్పుడు..." అన్నాను.

"మొదలెట్టావా అన్నయ్యా?" అంది చెల్లెలు వంటింట్లోంచి. "ఒరే పిల్లలూ, మీ మావయ్య చెప్పేదాంట్లో సగం తీసెయ్యండి. మిగిలినదాంట్లో మళ్ళీ సగం తీసెయ్యండి."

ఆవిడ అన్నది న్యాయమే. కొల్లేట్లో ఒక వాలుగచేప నన్ను నోట కరుచుకుని ఆకివీడు దాకా దిగబెట్టిందని ఈ పిల్లలకి చెప్పినవాణ్ణి నేనే. వాళ్ళమ్మ కొల్లేటి నడిమధ్య పుట్టిందనీ, గూడబాతులు బారులు తీరి రెక్కలతో గొడుగు పట్టాయనీ చెప్పినవాణ్ణీ నేనే. పిల్లలు రెండో కథని మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. వాళ్ళమ్మ కూడా వింటూ ఊరుకుంది. అసలు జరిగింది మాత్రం ఇప్పటిదాకా వరసగా ఎవరికీ చెప్పలేదు. నోటితో చెబితే మధ్యలో చేపలూ పక్షులూ వచ్చేస్తాయి. అందుకని రాస్తున్నాను.

మాది కొల్లేటి నడుమ లంక. వానాకాలం అంతా చుట్టూ సముద్రంలా నీళ్ళు. పెళ్ళికి వెళ్ళాలన్నా పడవే, పేచీకి వెళ్ళాలన్నా పడవే. మాఘమాసం వెళ్ళేసరికి నీరు దిగడం మొదలవుతుంది. ఉగాది నాటికి మా ఊరి చుట్టూ నీళ్ళూ ఉండవు, నేలా ఉండదు. పడవ కదలడానికి నీరు చాలదు, మనిషి నడవడానికి బురద గట్టిపడదు. ఎండకి బురద మీద పలచగా పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు కొంగని మోస్తుంది, కుక్కని మోస్తుంది, పిల్లల్ని మోస్తుంది. పెద్దవాళ్ళు కాలు పెడితే తొడదాకా దిగిపోతారు.

అందువల్ల ఆ కొన్నాళ్ళూ లంకకి దొరలం మేమే. కొల్లేటి గట్టు మీది ఊరికి కబురు వెళ్ళాలంటే మేము. పొగాకు రావాలంటే మేము. ఉప్పు తేవాలంటే మేము. మా బడి మేష్టారు ఉప్పు వండి జైలుకెళ్ళి వచ్చిన మనిషి. మేము ఉప్పు మూట తెచ్చి దింపినప్పుడల్లా ముందు దానికి దణ్ణం పెట్టి, ఆ తర్వాత మూట ఎందుకు తడిసిందని మా చెవులు మెలిపెట్టేవాడు. బెల్లం తెమ్మంటే మాత్రం మూట ఎప్పుడూ తడిసేది కాదు, తేలికయ్యేది.

ఆ బురద వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. ఎండుచేపల వాసన, కుళ్ళిన తామరాకుల వాసన, ఎండకి కాలిన మట్టి వాసన, మూడూ కలిసి ఒకటే వాసన. గుంటల్లో మిగిలిపోయిన మట్టగిడస చేపల్ని చేత్తో పట్టి, తామరదుంపలతో పాటు నిప్పుల మీద కాల్చుకుని, ఉప్పు లేకుండా తినేవాళ్ళం. తిన్నాక పొట్ట మీద పడుకుని బురద మీద జారేవాళ్ళం. ఇంటికొస్తే మా మామ్మ, అంటే మా నాన్న తల్లి, నన్ను తడిమి చూసి, "ఇది మనిషేనా, గేదె దూడా?" అని అడిగేది. ఆవిడకి చూపు మందం. కానీ అడిగేది వెక్కిరించడానికే.

మా లంకలో వేపచెట్టు లేదు. ఉగాది పచ్చడికి పువ్వు గట్టు మీది నుంచి మేమే తేవాలి. ఒక ఏడు తెచ్చిన వేపపువ్వంతా దారిలో బురదపాలైతే, ఎవరి పెరట్లోనో రాలిన మునగపువ్వు ఏరి ఇంటింటికీ పంచేశాం. ఊరంతా ఆ పచ్చడి తిని, చేదు తగల్లేదు, ఈ ఏడంతా మనకి మంచే జరుగుతుందని సంబరపడింది. మా అమ్మ ఒక్కతే వేలితో నాలిక్కి రాసుకుని, నా మొహం వంక చూసి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను చెప్పబోయేది ఆ ఏటి సంగతే.

మా ఊరి నవమికి చక్రాల రథం పనికిరాదు. చక్రం బురదలో కూరుకుపోతుంది. తాటిమాను తొలిచి చేసిన దోనె మా రథం. అడుగున ఆముదం రాసి, అంచులకి మామిడాకులు కట్టి, లోపల పీట వేసి, పీట మీద సీతారాముల పటం పెట్టి, ఊరి చుట్టూ బురద మీద పిల్లలు లాగాలి. పెద్దలు మెరక మీద నిలబడి చూడాలి. తిరిగొచ్చిన పిల్లలకి పానకం, వడపప్పు, చలిమిడి. మిరియాల ఘాటుకి గొంతులో మంట పుట్టే పానకం తాగడానికి మేము ఆ రథాన్ని ఏలూరు దాకా అయినా లాగేవాళ్ళమే.

దారి చూపించడానికి రథానికి ముందు ఒక పిల్ల నడిచేది. ఊరి కొసన చర్చి పాక ఉండేది. అక్కడ వాక్యం చెప్పే ఉపదేశి గారి అమ్మాయి ఆమె. నాకంటే రెండేళ్ళు పెద్ద, నాకంటే రెండింతలు బలం. జమ్ముకర్రతో పెచ్చు మీద కొట్టి చూసేది. మోగిందంటే గట్టి నేల. మూగగా ఉందంటే కింద నీరు. ఆమె కర్ర చూపించిన దారినే రాముడు వెళ్ళాలి. అయితే ఆమె రథం తాడు ముట్టుకోకూడదు. చర్చి పాక వైపు పిల్లలు ఎవరూ ముట్టుకోకూడదు. బురద చూడటానికి పనికొచ్చే చెయ్యి తాడుకి ఎందుకు పనికిరాదో నేను అడగలేదు. ఎవరూ అడగలేదు. ఆ పిల్ల మాత్రం వెనక్కి తిరిగి, "మీ దేవుడు నా వెనకాలే రావాలిగా" అని మమ్మల్ని ఉడికించేది.

ఆ ఏడు మా అమ్మకి నెలలు నిండుతున్నాయి. ఏడో నెలలోనే పుట్టింటికి పంపాలి. పుట్టిల్లు గట్టు మీది ఊరే. మావయ్య పడవ వేసుకుని వచ్చాడు కూడా. రెండో పంట నాట్ల రోజులని మా నాన్నే ఆపాడు.

"దాళ్వా నాట్లు అవ్వనీ బావా. మా అమ్మకి కళ్ళు సరిగా కనబడవు. కూలివాళ్ళకి వండి పెట్టే దిక్కులేదు. పదిరోజులాగి నేనే తీసుకొచ్చి దింపుతాను."

"నీరు దిగిపోతే?"

"ఇంత నీరు పదిరోజుల్లో ఎక్కడికి పోతుంది?"

మావయ్య ఖాళీ పడవతో వెనక్కి వెళ్ళాడు. ఆ ఏడు నీరు ఎవరో తాగేసినట్టు దిగిపోయింది. నాట్లయ్యి నాన్న పడవ సిద్ధం చేసుకునేసరికి, అది మా ఇంటి వెనక బురదలో కూర్చుని ఉంది. రోజూ పొద్దున్నే వెళ్ళి గెడకర్రతో దాన్ని కదిపి చూసేవాడు. అది కదిలేది కాదు. అమ్మతో ఆ మాట అనేవాడు కాదు. "ఇంకా రోజులున్నాయిలే, అప్పటికి బురద గట్టిపడుతుంది" అనేవాడు.

నవమి నాడు తెల్లవారాక అమ్మ పానకానికి బెల్లం చితక్కొడుతూ రోకలి వదిలేసి గోడకి ఆనుకుంది. మామ్మ నన్ను బయటికి తరిమింది. మంత్రసాని వచ్చింది. పిల్లలం రథానికి మామిడాకులు కట్టాం, పటం పెట్టాం, తాడు బిగించాం. లోపల్నుంచి అమ్మ మూలుగు వినబడుతూనే ఉంది. ఎండ ముదిరాక మంత్రసాని చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"బిడ్డ అడ్డం తిరిగిందండీ. ఇది నా చేతిలో లేదు. ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఈ పూటే తీసుకెళ్ళాలండి."

నాన్న ఆవిడ వంక చూశాడు. తర్వాత బురద వంక చూశాడు.

నలుగురు మగవాళ్ళు అమ్మని మంచంతో సహా ఎత్తుకుని మెరక దిగారు. నాలుగడుగులు కూడా వెయ్యలేదు, ముందున్న ఇద్దరూ తొడల్లోతు దిగబడ్డారు. మంచం వాలిపోయింది. అమ్మ జారిపోకుండా నాన్న ఆమె నడుం పట్టుకుని అరిచాడు. అందర్నీ తాళ్ళేసి లాగి, మంచం మళ్ళీ మెరక మీద పెట్టారు.  అంతమంది మగవాళ్ళు అలా చేతులు వేలాడేసుకుని నిలబడటం నేను ఎప్పుడూ చూడలేదు. 

అప్పుడు ఉపదేశి గారమ్మాయి దూరం నుంచే మా మామ్మతో అంది: "అమ్మగారండీ, దోనె ఉంది కదండీ. మేం లాగుతామండీ."

నవమి జరిపించే పెద్దాయన ఒకరుండేవారు. ఊళ్ళో ఆయన మాటంటే మాటే. "అందులో స్వామి వేంచేసి ఉన్నాడు. పూజ కాలేదు. పురుటి మనిషిని ఎక్కిస్తారా?" అన్నారు.

"స్వామిని దించండి" అంది మామ్మ.

"పూజ కాకుండా దించకూడదమ్మా."

"పద్నాలుగేళ్ళు అడవిలో నడిచినాయన ఈ పూట కాసేపు కింద నిలబడలేడా?" మామ్మ తడుముకుంటూ దోనె దగ్గరికి వెళ్ళి, మామిడాకులు తెంపి, పటాన్ని రెండు చేతులా తీసి పెద్దాయన చేతుల్లో పెట్టింది. "పట్టుకోండి. బరువేం ఉండడు."

దోనెలో గడ్డి పరిచారు. గడ్డి మీద దుప్పటి. అమ్మని పడుకోబెట్టారు. మామ్మ తాడు కొస పట్టుకుని, "ముందు ఎవరు లాగుతారు?" అంది. అందరికంటే ముందు వచ్చిన చెయ్యి తడిమి చూసింది. "ఎవరే నువ్వు?"

"ఉపదేశి గారమ్మాయినండీ."

"బలం ఉందా?"

"ఉందండీ."

"అయితే నువ్వు పట్టు."

పెద్దాయన గొంతు సవరించుకున్నారు. మామ్మ ఆయన వైపు తిరిగి, "ఏవండీ, మీరొచ్చి లాగుతారా?" అంది. పటం గుండెలకి హత్తుకుని ఆయన తల దించుకున్నారు.

మేము లాగాం. పిల్లలం ఎనిమిది మందో తొమ్మిది మందో. దోనె కదిలింది. ఏటా "రామా రామా" అని అరిచే గొంతులు ఆ రోజు పెగల్లేదు. అమ్మ పళ్ళు బిగించుకుని, మధ్యలో ఒకసారి, "ఒరేయ్, పానకం గిన్నె మీద మూత పెట్టారో లేదో. చీమలు పడతాయి" అంది.

నాన్న కాళ్ళకి తడికె ముక్కలు కట్టుకుని మా వెనకే దిగాడు. కొంత దూరం వచ్చాడు. "మెల్లిగా, కుదుపు లేకుండా" అంటూనే ఉన్నాడు. అంతలో వెనక పెచ్చు విరిగిన చప్పుడయింది. నడుం దాకా దిగిపోయాడు. ఒక కాలు ఎటో మెలిపడిందేమో, ఆయన పెట్టిన కేక మనిషి కేకలా లేదు. మేము ఆగాం.

"ఆగొద్దు! ఆగితే చంపుతాను! లాగండిరా!"

లాగాం. అమ్మ తల మా వైపు, చూపు నాన్న వైపు. ఆమెకి కనబడుతూనే ఉన్నాడు, చిన్నగా, మొద్దులా, బురదలో.

"లేచారా? మీ నాన్న లేచారా?" అంది కాసేపటికి. అప్పటికి ఆమెకి కళ్ళు మసకబారాయి కాబోలు.

"లేచాడమ్మా. మెరకెక్కేశాడు" అన్నాను. నేను వెనక్కి తిరిగి చూడనే లేదు.

బురద చూసే పిల్ల ఇప్పుడు తాడు లాగుతోంది. ముందు కర్రతో కొట్టి చూసేవాళ్ళు లేరు. అందుకని పక్షుల్ని చూసి నడిచాం. కొంగ నిలబడ్డ చోట కాలికి నేల అందుతుందని మా లంకలో పాలు మానని పిల్లకి కూడా తెలుసు. ఎండ కళ్ళలో పొడుస్తోంది. దూరంగా తెల్లగా ఒక బారు. "కొంగలు!" అన్నాడొకడు. "కొంగలే!" అన్నాం అందరం. ఉపదేశి గారమ్మాయి కూడా చెయ్యి అడ్డం పెట్టి చూసి, "అటే పదండి" అంది. ఊపిరి బిగపట్టి అటే లాగాం.

అవి కొంగలు కావు, గూడబాతులు. నిలబడి లేవు, నీళ్ళ మీద తేలుతున్నాయి.

పెచ్చు ఒక్కసారిగా మూగబోయి కింద దిగిపోయింది. ముందున్న వాళ్ళం గొంతుల దాకా నీళ్ళల్లో పడ్డాం. పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. దోనె మా మీదుగా జారి, నీళ్ళల్లోకి వచ్చి, పక్కకి ఒరిగి, తేలింది. అమ్మ రెండు అంచులూ పట్టుకుంది. తోయడానికి గెడకర్ర లేదు. బురద మీద లాగే రథానికి గెడకర్ర ఎవరు పెడతారు? ఈ చోటికి వచ్చేసరికి మామూలుగా నేను తాడు పళ్ళతో పట్టుకుని ఈదానని చెబుతూ ఉంటాను. అది అబద్ధం. దోనె అంచు పట్టుకుని వేలాడుతూ ఏడ్చాను. ఈదింది ఉపదేశి గారమ్మాయి. తాడు నడుముకి చుట్టుకుని, మధ్యమధ్యలో మునుగుతూ, మమ్మల్ని తిడుతూ: "కాళ్ళు కొట్టండ్రా సన్నాసుల్లారా! మీ అమ్మ కాదట్రా? ఎవరి అమ్మనుకుంటున్నారు?"

కాళ్ళు కొట్టాం. చుట్టు తిరిగి, మళ్ళీ బురద అందుకుని, మళ్ళీ లాగి, గట్టు చేరేసరికి పొద్దు వాలింది. సగం దారిలోనే అమ్మ మూలగడం మానేసింది. ఆ మూలుగు ఎప్పుడు మళ్ళీ వినబడుతుందా అని చెవులు దోనె వైపే పెట్టి లాగాను. ఒకసారి వినబడితే సంతోషం వేసింది.

మావయ్య బండి కట్టాడు. భీమడోలు దారిన ఏలూరు చేరాం. ఆసుపత్రిలో తెల్లచీర డాక్టరమ్మ అమ్మ పొట్ట మీద చెయ్యి వేసి, "ఇంత ఆలస్యం ఎందుకు చేశారు?" అంది. మావయ్య, "కొల్లేరండీ" అన్నాడు. 

చెల్లెలు పుట్టింది. మర్నాడు పొద్దున్న అమ్మ పోయింది.

తమ్మిలేటి ఒడ్డున నా చేత నిప్పు పెట్టించారు. చిటచిటమన్న చప్పుడు తప్ప నాకు ఏమీ గుర్తులేదు. చెల్లెల్ని అత్తయ్య ఎత్తుకుంది, మావయ్య భార్య. ఆమెకి అప్పుడు చంటిబిడ్డ ఉన్నాడు. ఒక పక్క వాడికి, ఒక పక్క చెల్లెలికి పాలిచ్చేది.

మేము గట్టు మీది ఊరికి తిరిగొచ్చేసరికి ఉపదేశి గారమ్మాయి మా కోసం కాచుకుని ఉంది. బురద దాటి కబురు తెచ్చింది. నాన్నని తాళ్ళతో లాగారట. తుంటి కీలు తప్పిందట. ఒళ్ళు కాలే జ్వరం. కళ్ళు తెరిస్తే అమ్మని అడుగుతున్నాడట. "మామ్మగారు చెప్పమన్నారండి, ఏ కబురైనా సరే, ఆయన లేచి కూర్చునేదాకా చెప్పొద్దన్నారండి" అంది. మా మొహాలు చూసి తల తిప్పుకుంది. గట్టు దిగి కూర్చుని, కాళ్ళకి ఎండిన బురద గోళ్ళతో గీక్కుంటూ ఉండిపోయింది.

నేను మూడో నాడు లంకకి వెళ్ళాను. నాన్న మంచం మీద కాలు కదపకుండా పడుకుని ఉన్నాడు. నన్ను చూడగానే మోచేతి మీద లేవబోయాడు.

"ఎలా ఉందిరా మీ అమ్మ?"

"బానే ఉంది నాన్నా. చెల్లెలు పుట్టింది."

ఆ రెండు మాటల్లో ఒకటి నిజం. ఆ నిజం పట్టుకుని మిగిలింది నడిపించొచ్చనిపించింది.

"ఏం తింది?"

దానికి నేను సిద్ధంగా లేను. "పాలల్లో తెల్లరొట్టె ముంచి పెట్టారు నాన్నా. అమ్మ మూతి ముడుచుకుంది" అన్నాను.

నాన్న నవ్వాడు. ఆ నవ్వు చూశాక నేను ఆగలేకపోయాను. అమ్మ మంచం కిటికీ పక్కనుందన్నాను. కిటికీలోంచి రైలు కనబడుతుందన్నాను. డాక్టరమ్మ దగ్గర చిలక ఉందనీ, అది రోగుల్ని మందు తాగావా అని అడుగుతుందనీ చెప్పాను. పక్క మంచం మీద పెంటపాడు ముసలావిడ ఒకామె ఉందనీ, ఆమె గురకకి అమ్మకి నిద్ర పట్టడం లేదనీ చెప్పాను. గోడ అవతల మామ్మ అన్నీ వింటూ ఉండేది. ఒక్కమాట అడ్డు వచ్చేది కాదు. పిల్లలందరికీ నిజం తెలుసు. ఒక్కడు కూడా నోరు జారలేదు.

రోజు విడిచి రోజు గట్టుకెళ్ళి చెల్లెల్ని చూసి, కొత్త కబుర్లు పట్టుకొచ్చేవాణ్ణి. నడుస్తూ నడుస్తూ బురద మీదే అల్లుకునేవాణ్ణి. నాన్న అన్నీ గుర్తు పెట్టుకునేవాడు. "ఆ పెంటపాడు ముసలావిడకి ఎలా ఉందిరా?" అని అడిగేవాడు. ఆమెని నేను చంపలేకపోయాను. నయం చేసి, కొడుకుని పిలిపించి, రైలెక్కించి ఇంటికి పంపించేశాను.

"చూశావా అమ్మా," అన్నాడు నాన్న మామ్మతో. "అంత ముసలిదే లేచి వెళ్ళింది. ఆసుపత్రి మంచిదే."

మామ్మ "మంచిదే నాయనా" అంది. లేచి పెరట్లోకి వెళ్ళింది.

ఒకనాడు తనంతట తనే అన్నాడు: "నా మీద కోపంగా ఉందా?"

"లేదు నాన్నా. దాళ్వా మడికి నీళ్ళు పెట్టారా అని అడిగింది."

గోడ వైపు తిరిగాడు. 

పదో రోజున కాలవ ఒడ్డున నాకు గుండు గీశారు. మంత్రాలు చెప్పారు, ముద్దలు పెట్టించారు. అంతా అయ్యాక మావయ్య, "బురద గట్టిపడుతోందిరా. ఇంకో నాలుగు రోజుల్లో నేనే వచ్చి మీ నాన్నకి చెబుతాను. అప్పటిదాకా నువ్వు ఇక్కడే ఉండు. ఈ తలతో ఎలా వెళ్తావు?" అన్నాడు. నేను వినలేదు. కబురు కోసం నాన్న గుమ్మం వంక చూస్తూ ఉంటాడు. తలకి తువ్వాలు చుట్టుకుని బయలుదేరాను. దారి పొడుగునా చిలక గురించి ఒక కొత్త సంగతి అల్లాను.

నాన్న ఆ రోజు దిండు ఆనుకుని కూర్చున్నాడు. జ్వరం తగ్గింది.

"ఎండలో వచ్చావు. చెమట పట్టింది. ఆ తువ్వాలు తియ్యరా."

నేను కదల్లేదు.

"తియ్యి నాన్నా" అన్నాడు మెల్లిగా.

తీశాను. గుమ్మం దగ్గర మామ్మ బియ్యం చెరుగుతోంది. చేట చప్పుడు ఆగింది.

"మొక్కుకున్నాను నాన్నా" అన్నాను.  "అమ్మకి తగ్గితే జుట్టు ఇస్తానని మొక్కుకున్నాను."

నాన్న చెయ్యి చాపాడు. దగ్గరికి వెళ్ళాను. ఆ చెయ్యి నా నున్నటి తల మీద పెట్టాడు. నుదుటి నుంచి వెనక దాకా, మళ్ళీ వెనక నుంచి నుదుటి దాకా నిమిరాడు.  ఆయన మొహం వంక చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయన చొక్కా గుండీల వంకే చూస్తూ నిలబడ్డాను.

"మంచి మొక్కే మొక్కావు" అన్నాడు.

 బయట ఎవరో పిల్లలు చేప దొరికిందని కేకలు పెడుతున్నారు. నేను చిలక సంగతి ఎక్కడ మొదలెట్టాలో మరిచిపోయాను.

చాలాసేపటికి నాన్న నన్ను మంచం మీద పక్కన కూర్చోబెట్టుకున్నాడు. భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

"చెప్పరా" అన్నాడు.

"ఏం చెప్పను నాన్నా?"

"ఇవాళ ఏం తింది?"

నేను చెప్పాను. వంకాయ కూర తిందన్నాను. అన్నం మారు వడ్డించుకుందన్నాను. "పెరుగు వేశారా?" అన్నాడు. వేశారన్నాను.

మావయ్య చెప్పిన రోజుకి బురద గట్టిపడింది. మనుషులు నడిచారు, తర్వాత బండ్లు నడిచాయి. మావయ్య వచ్చి నాన్న పక్కన ఒక పూట కూర్చుని వెళ్ళాడు. ఇద్దరూ నాట్ల గురించి మాట్లాడుకున్నారు. అత్తయ్య చెల్లెల్ని తీసుకొచ్చి నాన్న ఒళ్ళో పెట్టింది. నాన్న కర్ర ఊతంతో లేచి తిరిగాడు. ఏలూరు బండి ఎప్పుడు కడదామని మాత్రం ఎవర్నీ అడగలేదు. మాపటేళ మంచం వాల్చుకుని, పక్కన చేత్తో తట్టి నన్ను పిలిచేవాడు. వానలు పడి కొల్లేరు మళ్ళీ నిండేదాకా మా అమ్మ ఆ కిటికీ పక్కనే రోజూ అన్నం తింది.